మాటల ఆట – మూలపాఠం మీద హక్కు

కంప్యూటర్ ఆటలకూ సాహిత్య విమర్శకూ ఏం సంబంధమని అడిగే మిత్రులుంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. తుపాకులు పేల్చే బొమ్మల ఆటల గురించయితే నేనూ అదే అడిగేవాణ్ణి. కాని తొలినాటి కంప్యూటర్ ఆటల్లో కొన్నింటికి బొమ్మ లేదు, రంగు లేదు, చప్పుడు లేదు. ఉన్నవల్లా వాక్యాలు. తెర మీద ఒక చోటు వర్ణన కనిపిస్తుంది. చదివినవాడు ఏం చేయదలచుకున్నాడో ఒకటి రెండు మాటల్లో టైపు చేస్తాడు. ఆ మాటను బట్టి తర్వాతి వాక్యం వస్తుంది. రాసిన పాఠం, చదివే మనిషి, ఇద్దరి మధ్య భాష ఉన్నచోట విమర్శకుడికి పని ఉంటుంది.

ఇంగ్లీషులో వీటికి టెక్స్ట్ అడ్వెంచర్లని పేరు. నేను మాటల ఆటలంటాను. ఇవి ఎలా పుట్టాయి, ఎవరెవరి చేతుల్లో పెరిగాయి, ఎప్పుడు ఒకరి ఆస్తిగా మారాయి అని వెతుక్కుంటూ పోతే, ఆ దారి చివరకు తెలుగు అక్షరం ఎవరి ఆస్తి అన్న ప్రశ్న దగ్గర తేలుతుంది. రచయితలుగా మనకు కావలసిన ప్రశ్న అది.

ముందు చరిత్ర చూద్దాం. 1970ల నడుమ అమెరికాలోని కేంబ్రిడ్జ్ నగరంలో బి.బి.ఎన్. అనే సంస్థలో విల్ క్రౌథర్ అనే ప్రోగ్రామర్ పనిచేసేవాడు. నేటి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌ను అమెరికా రక్షణశాఖ డబ్బుతో నిర్మించిన సంస్థ అది. క్రౌథర్‌కు గుహల్లో తిరిగే అలవాటుంది. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల పటాలు తయారుచేసిన వాళ్ళలో అతనూ, అతని భార్య పట్రీషియా కూడా ఉన్నారు. ఆ దంపతులు విడిపోయాక అతను తన ఇద్దరు ఆడపిల్లలు ఆడుకోవడానికి ఆ గుహను మాటల్లో కట్టాడు. 1975–76లో పిడిపి-10 అనే కంప్యూటర్ మీద, ఫోర్ట్రాన్ భాషలో సుమారు 700 వరుసల్లో రాసిన ఆ ఆటే 'అడ్వెంచర్'.

అది అక్కడితో ఆగలేదు. స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ అనే విద్యార్థికి ఆ ఆట దొరికింది. రచయిత ఎక్కడున్నాడో తెలియక, ఆర్పానెట్‌లోని ప్రతి కంప్యూటర్‌కూ క్రౌథర్ పేరు మీద ఉత్తరం పంపాడు. జవాబుతో పాటు మూలమూ, మార్చుకోవడానికి అనుమతీ వచ్చాయి. వుడ్స్ 1977లో దాన్ని పెంచి బయటపెట్టాడు. స్థలాలు సుమారు 140 అయ్యాయి. వంతెన దగ్గర సుంకం అడిగే రాక్షసుడు, నిధులు ఎత్తుకుపోయే ఓడదొంగ, గెలుపుకు లెక్కలు వచ్చి చేరాయి. ఆ తర్వాత దాన్ని ఎందరో తమ తమ యంత్రాలకు అనువుగా తిరగరాశారు.

దాని నిర్మాణంలో సాహిత్య విద్యార్థులు గమనించవలసిన విషయం ఒకటుంది. ఆటలోని వర్ణనలు, ఏ చోటునుంచి ఏ చోటికి దారి ఉందో తెలిపే పట్టిక, యంత్రానికి తెలిసిన మాటల జాబితా ఒక ఫైలులో ఉండేవి. వాటిని నడిపే ప్రోగ్రాము మరొక ఫైలులో ఉండేది. ఫోర్ట్రాన్ రానివాడు కూడా మొదటి ఫైలు తెరిచి కథ ఎలా అల్లారో చదువుకోగలడు. కావాలంటే తన గది ఒకటి కట్టుకోగలడు. పాఠకుడికీ రచయితకూ మధ్య గోడ అంత పలచన. మూలపాఠం చేతిలో ఉండటమే దానికి కారణం.

ఇది మనకు కొత్తేమీ కాదు. ఏడు చేపల కథ తెలియని తెలుగు ఇల్లు ఉండదు. ఎండబెట్టిన ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు. ఎందుకని చేపను అడిగితే గడ్డిమోపు అడ్డమంది, గడ్డిమోపు ఆవును చూపింది, ఆవు పాలేరును, పాలేరు అవ్వను, అవ్వ పిల్లాణ్ణి, పిల్లాడు చీమను చూపించారు. ఒక అడ్డంకి, దాని వెనక మరొక కారణం, ఆ కారణం వెనక ఇంకొకటి. మాటల ఆట నిర్మాణమూ సరిగ్గా ఇదే. తలుపు తెరుచుకోకపోతే తాళంచెవి కావాలి, తాళంచెవి ఇంకెక్కడో ఉంటుంది, అక్కడికి పోవాలంటే దీపం కావాలి. కథ చెప్పేవాడు పిల్లల చేత ఊఁ కొట్టించుకుంటాడు. ఊఁ ఆగితే కథ ఆగుతుంది. మాటల ఆటలో ఆ ఊఁ ఒక ఆజ్ఞగా మారింది, అంతే తేడా. ఏడు చేపల కథకు సొంతదారు లేడు. చెప్పిన ప్రతి అవ్వా దాన్ని కొంచెం మార్చి చెప్పింది. ఒగ్గుకథ, శారదకథ, బుర్రకథ కూడా అలా చేతులు మారుతూ పెరిగినవే.

అయితే పంచుకున్నారు కదా అని వస్తువును విమర్శ లేకుండా వదిలేయడం సరికాదు. 'అడ్వెంచర్' కథావస్తువు ఏమిటి? పేరులేని నాయకుడు ఒకడు ఇతరులు నివసించే పాతాళంలోకి దిగుతాడు. అక్కడి బంగారం, వెండి, వజ్రాలు మోసుకొచ్చి తన కొట్టులో పెడతాడు. అడ్డం వచ్చిన మరుగుజ్జులను వాళ్ళ గొడ్డలితోనే చంపుతాడు. పెట్టుబడి ఖండాంతరాలకు వెళ్ళి చేసిన పనికి ఇది చిన్న నమూనా. గొడ్డలి విసరడం తప్ప ఆ మరుగుజ్జులకు మాట లేదు. ఏడు చేపల కథలో చివరి మాట ఎవరిదో గుర్తు తెచ్చుకోండి. తన పుట్టలో వేలు పెట్టినవాణ్ణి కుట్టకుండా ఎలా ఉంటానని అడిగే హక్కు మన కథకులు చీమకిచ్చారు. ఇంట్లోకి చొరబడ్డవాడి వైపు నుంచి ఒక కథ, ఇల్లుగలదాని వైపు నుంచి ఒక కథ. దృక్పథం అంటే ఇదే.

ఆ గుహ చరిత్రలో మరొక మనిషి ఉన్నాడు. మామత్ గుహలో 1838 నుంచి సందర్శకులకు దారి చూపిన స్టీఫెన్ బిషప్ నల్లజాతి బానిస. ఎవరూ పోని దారులు పోయి, జ్ఞాపకం మీద అతను గీసిన పటం 1840లలో అచ్చయింది. 1856లో బానిసత్వం నుంచి విడుదలై మరుసటి ఏడాదే చనిపోయాడు. క్రౌథర్ బృందాలు నడిచిన గుహకు మొదట దారి వేసినవాళ్ళలో అతనొకడు. ఆటలో మాత్రం ఆ గుహ ఎవరి శ్రమా లేని అద్భుతం. నిధికి లెక్క ఉంది, దారి వేసినవాడికి లెక్క లేదు.

ఈ ఆటలు ఔత్సాహికుల సృష్టి అని మురిసిపోయేవాళ్ళు తీరిక ప్రశ్నను కూడా ఎదుర్కోవాలి. ఔత్సాహికుడికి రెండు కావాలి: తీరిక, యంత్రం. రెండూ వర్గాన్ని బట్టి దొరుకుతాయి. ఎల్.బి.నగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా కుషాయిగూడ వెళితే 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. ఉంది. 1970లలో మన దేశపు టి.డి.సి. కంప్యూటర్లు అక్కడే తయారయ్యాయి. అంటే యంత్రం మన నగరానికి దూరమేమీ కాదు. కాని అవి పరిశోధన సంస్థలకూ కార్యాలయాలకూ చేరాల్సినవి. దిల్‌సుఖ్‌నగర్ కుర్రవాడు పని అయిపోయాక రాత్రిపూట వాటి ముందు కూర్చుని గుహలు కట్టే పరిస్థితి కాదు. అమెరికాలో యుద్ధశాఖ డబ్బు కొందరికి ఆ తీరిక కల్పించింది. ఆ డబ్బు నీడలోనే, దానికి విరుద్ధమైన పంపకపు సంబంధం పుట్టింది. ఈ వైరుధ్యాన్ని దాచకుండా చెప్పుకోవాలి.

ఆ సంబంధానికి ఎదురుదెబ్బ వెంటనే తగిలింది. 1976 ఫిబ్రవరి 3న బిల్ గేట్స్ కంప్యూటర్ ఔత్సాహికులకు ఒక బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ యంత్రానికి తాము రాసిన బేసిక్ ప్రోగ్రామును చాలామంది కొనకుండా నకళ్ళు తీసుకుంటున్నారని, అది దొంగతనమని దాని సారాంశం. డబ్బు రాకపోతే ఎవడు మంచి ప్రోగ్రాము రాస్తాడని అడిగాడు. ఈ వాదనను తేలికగా కొట్టిపారేయకూడదు. రాసినవాడి శ్రమకు విలువ కట్టాలనడంలో తప్పులేదు. రచయితలం మనమూ అడిగేది అదే. కాని ఆ లేఖ అడిగింది శ్రమకు కూలి ఒక్కటే కాదు, మూలం మీద శాశ్వత యాజమాన్యం కూడా. ఔత్సాహికులు దీనికి పనితోనే జవాబు చెప్పారు. టైనీ బేసిక్ అనే చిన్న భాషను రాసి దాని మూలాన్ని పత్రికల్లో అచ్చువేశారు. ఒక రూపాన్ని రాసిన లీ-చెన్ వాంగ్, కాపీరైట్ అని ఉండవలసిన చోట కాపీలెఫ్ట్ అని వెక్కిరింతగా రాసుకున్నాడు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ పథకం, 1989లో వచ్చిన జిపిఎల్ లైసెన్సు ఆ వెక్కిరింతను చట్టం భాషలోకి తెచ్చాయి. చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. అయితే పంచినవాడు తర్వాతివాడికి కూడా ఆ హక్కులే ఇవ్వాలి.

మాటల ఆటలు రెండు దారుల్లోనూ నడిచాయి. 1977లో ఎం.ఐ.టి.లో నలుగురు మొదలుపెట్టిన 'జోర్క్' కూడా చేతులు మారుతూ పెరిగినదే. 1979లో ఇన్ఫోకామ్ కంపెనీ ఏర్పడి, అది అమ్మకపు సరుకైంది. కళగా అది ముందుకు వెళ్ళిందనే చెప్పాలి; పూర్తి వాక్యాలను అర్థం చేసుకునే శక్తి ఆటకు వచ్చింది. కాని మూలం మూతబడింది. 1986లో ఆ కంపెనీని ఆక్టివిజన్ కొన్నది, 1989లో మూసేసింది. కంపెనీ పోయినా పాఠకులు పోలేదు. మూతబడ్డ ఫైళ్ళ అమరికను వాళ్ళే విప్పి చదువుకున్నారు. 1993లో గ్రాహం నెల్సన్ అదే అమరికలో కొత్త ఆటలు రాయడానికి 'ఇన్‌ఫార్మ్' అనే సాధనాన్ని తయారుచేసి అందరికీ ఇచ్చాడు. చేతులు మారి మారి 'జోర్క్' హక్కులు మైక్రోసాఫ్ట్‌కు చేరాయి. 1976లో ఆ లేఖ రాసినవాడి కంపెనీయే 2025 నవంబరులో 'జోర్క్' మూడు భాగాల మూలాన్నీ స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేసింది. లాభం పిండడం అయిపోయాక ఇవ్వడం ఔదార్యమా అని అడగవచ్చు. కాని బతికి ఉండాలంటే ఏ పాఠమైనా చివరకు పాఠకుల చేతికే రావాలని చరిత్ర చెబుతోంది.

ఇక మన వీధికి వద్దాం. 2001లో నేను చైతన్యపురి వెనక సందులో ఒక గదిలో ఉండేవాణ్ణి. అప్పటికి మలక్‌పేట నుంచి ఎల్.బి.నగర్ దాకా రోడ్డు మీద మెట్రో స్తంభాలు లేవు. ఆ దారిలో మెట్రో నడిచింది 2018లో. రోడ్డుకు రెండు పక్కలా మేడల మీద సి, జావా, ఒరాకిల్ నేర్పుతామనే బోర్డులుండేవి. మా పక్కగదిలో దేవరకొండ వైపు నుంచి వచ్చిన కుర్రవాళ్ళు నలుగురు కలిసి ఒక కంప్యూటర్ కొనుక్కున్నారు. రోడ్డు పక్క బల్ల మీద కొన్న సీడీల్లో ప్రపంచంలోని ఖరీదైన ప్రోగ్రాములన్నీ ఉండేవి. అలాంటి ఒక సీడీలోనే మాకు 'అడ్వెంచర్' దొరికింది. నిఘంటువు పక్కన పెట్టుకుని వారం రోజులు ఆడాం. వాళ్ళలో చిన్నవాడు ఒకరోజు దీపానికి ఇంగ్లీషు మాట గుర్తురాక కందిలి అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. ఆ మాట తనకు తెలియదని యంత్రం చెప్పింది. "అన్నా, మనూరి మాట దీనికి రాదే" అని నవ్వాడు. అప్పుడు నేనూ నవ్వాను. తర్వాత చాలా ఏళ్ళు ఆ మాట నన్ను వదలలేదు.

ఆ సీడీలను పంపకం అనవచ్చునా? అప్పట్లో చాలామందిమి అనే అనుకున్నాం. ధనిక దేశపు కంపెనీ సరుకును పేదవాడు ఉచితంగా తీసుకుంటే తప్పేమిటని వాదించాం కూడా. ఇప్పుడు ఆలోచిస్తే ఆ వాదనలో సగమే నిజం ఉంది. సీడీలో ప్రోగ్రాము వచ్చింది, మూలం రాలేదు. వాడుకోగలిగాం, విప్పి చూడలేకపోయాం. ఆ కంపెనీ సరుకుకు పైసా ఖర్చు లేకుండా అలవాటుపడి, ఉద్యోగాల్లోకి వెళ్ళి, అక్కడ దాన్నే కొనిపించాం. దొంగనకలు కంపెనీకి శత్రువు అనుకున్నాం. అది ఆ కంపెనీకి రాబోయే ఖాతాదారులను జీతం లేకుండా తయారుచేసింది.

అదే గదుల్లో నిజమైన పంపకం మరొకటి జరుగుతుండేది. ఇన్‌స్టిట్యూట్ నోట్సు జిరాక్సులు ఒక బ్యాచి నుంచి మరొక బ్యాచికి వెళ్ళేవి. ప్రతివాడూ అంచుల్లో తన వివరణ రాసేవాడు, తప్పులు దిద్దేవాడు, ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న చేర్చేవాడు. మూడో బ్యాచికి చేరేసరికి ఆ నోట్సు మొదటి గురువు రాసిన దానికన్నా మెరుగ్గా ఉండేది. నోట్సు మూలపాఠం, సీడీ మూతపెట్టిన డబ్బా. ఈ తేడాను స్పష్టంగా పట్టుకోకపోతే పంచుకోవడం గురించి మనం మాట్లాడేదంతా మంచిమనసు కబుర్లుగా మిగులుతుంది.

ఈ తేడా పట్టకపోవడానికి మూల్యం చెల్లించినవాళ్ళలో తెలుగు రచయితలే ముందున్నారు. చాలా ఏళ్ళు మన పత్రికలూ పుస్తకాలూ డి.టి.పి. సెంటర్లలో, ఒక్కో కంపెనీ ఒక్కో రహస్య అమరికలో తయారుచేసిన ఫాంట్లతో కంపోజయ్యాయి. తెర మీద 'అమ్మ' అని కనిపించినా లోపల ఉండేది ఇంగ్లీషు గుర్తుల గజిబిజి. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే పిచ్చిగీతలే. నేనే ఎల్.బి.నగర్‌లో ఒక సెంటరులో కంపోజు చేయించుకున్న కథల సంపుటిని పదేళ్ళ తర్వాత తెరిచి, చదవలేక, అచ్చుపుస్తకం ముందు పెట్టుకుని మళ్ళీ టైపు చేశాను. కథ నాది, అక్షరం ఇంకొకరిది. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా ఆ విషయం మన సంఘాల చర్చల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది.

తాళం తీసింది మళ్ళీ ఔత్సాహికులే. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని 1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగువాళ్ళు తయారుచేశారు. పోతన ఫాంటును దేశికాచార్యులు ఉచితంగా ఇచ్చారు. లేఖిని వచ్చింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేసిన వెన్న నాగార్జున, పత్రికల రహస్య ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ'ను రాసి మూలంతో సహా అందరి ముందు పెట్టారు. 'జోర్క్' ఫైళ్ళు విప్పిన పాఠకుల పనీ ఇదీ ఒకటే. 2005లో హైదరాబాదు నుంచి 'స్వేచ్ఛ' బృందం తెలుగులో కనిపించే ఆపరేటింగ్ సిస్టంను విడుదల చేసింది. వీళ్ళలో చాలామంది సాహిత్య సంఘాల సభ్యులు కారు. మన అక్షరానికి వాళ్ళు చేసిన పనిని మనం సాహిత్యసేవగా లెక్కించలేదు. ఇది మన విమర్శ లోపం.

చివరగా, తెలుగులో మాటల ఆట రాస్తే ఏమవుతుంది? సాహిత్య విద్యార్థులకు ఇది మంచి అభ్యాసం. 'అడ్వెంచర్' ప్రతి మాటలోనూ మొదటి ఐదు ఇంగ్లీషు అక్షరాలనే చూసేది. క్రియ ముందు, వస్తువు తర్వాత వస్తే చాలు. తెలుగులో క్రియ చివర వస్తుంది, నామవాచకం విభక్తిని తొడుక్కుంటుంది. ఇల్లు 'ఇంట్లో' అవుతుంది, రాయి 'రాతి కింద' అవుతుంది, నుయ్యి 'నూతిలో' అవుతుంది. చిన్నయసూరి ఔపవిభక్తికాలని వివరించిన మార్పులు యంత్రానికి నేర్పకపోతే ఆటగాడు నూతిలోకి దిగలేడు. పరీక్ష కోసం కంఠతా పట్టిన వ్యాకరణం ఇక్కడ బతికిన పనిముట్టు.

వ్యాకరణాన్ని మించిన చిక్కు ఇంకొకటుంది. యంత్రం ఆటగాణ్ణి 'నువ్వు' అనాలా, 'మీరు' అనాలా? ఎవరిని ఏమని పిలవాలో కులమూ హోదా నిర్ణయిస్తున్న సమాజంలో ఆ ఎంపిక అమాయకమైనది కాదు. 'తీసుకో' అంటేనే వింటుందా, 'తీస్కో' అంటే కూడా వింటుందా? లాంతరు అన్నవాడికి వెలుగిచ్చి, కందిలి అన్నవాణ్ణి చీకట్లో ఉంచుతుందా? తనకు ఆ మాట తెలియదని యంత్రం అనడం, నీ మాట తప్పని బళ్ళో పంతులు పల్లెటూరి పిల్లాడితో అనడం లాంటిదే. మాటల జాబితా ఎవరు రాస్తారన్నది రాజకీయ ప్రశ్న. మూలం మూతబడి ఉంటే ఆ జాబితా ఏ కంపెనీ ఎంచిన తెలుగో అదే తెలుగు. మూలం తెరిచి ఉంటే దేవరకొండ కుర్రవాడు ఫైలు తెరిచి ఒక్క వరుస చేర్చుకుంటాడు.

ఇప్పుడు యంత్రాలు తెలుగులో జవాబులు చెబుతున్నాయి. ఆ జవాబుల వెనక ఎవరి తెలుగు ఉందో, దాన్ని దిద్దే హక్కు ఎవరికుందో అడగవలసింది మనమే. అడగడంతో పాటు చేయగలిగిన పనులూ ఉన్నాయి. మన పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చి, అందరూ వాడుకునే లైసెన్సుతో బయటపెట్టాలి. విద్యార్థులు తమ ఊళ్ళ మాటలు సేకరించి అదే విధంగా పంచాలి. ప్రోగ్రాము రాసే పిల్లలను మన సభలకు పిలవాలి, వాళ్ళ పనిని చర్చించాలి. దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో ఇప్పటికీ ఊళ్ళనుంచి వచ్చిన వేలమంది చదువుతున్నారు. వాళ్ళలో ఒకడు కందిలి పట్టుకోమంటే యంత్రం పట్టుకునే రోజు రావాలి. అది రాకపోతే ఆ వరుస చేర్చే హక్కయినా వాడి చేతిలో ఉండాలి.